రంగు చూసే మనిషి: మొదటి రిపోర్టు

మిల్లు ఆమెను ఇంటికి పంపి ఏడు నెలలైంది. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఆమె వెలుతురు గదిలో నిలబడి, అద్దకం నుంచి వచ్చిన గుడ్డను చూసి "సరే" అనో "కాదు" అనో చెప్పేది. ఆ ఒక్క మాట మీద వేల గజాల గుడ్డ బయటికి వెళ్ళేది, లేదంటే మళ్ళీ తొట్టెలో పడేది. మిల్లులో అందరూ ఆమెను షేడక్క అని పిలిచేవారు. రంగు కొలిచే యంత్రం వచ్చాక షేడక్క అక్కర్లేకపోయింది. "ఉద్యోగం వెతక్కమ్మా, నీకు తెలిసిందే అమ్ముకో" అని కూతురు చెప్పి విజిటింగ్ కార్డులు వేయించింది. కార్డు మీది నీలం కాస్త ఎరుపు వైపు ఉందని షేడక్క వాటిని రెండుసార్లు వెనక్కి పంపింది. "ఉద్యోగం పోయిందన్నా, కన్సల్టెంటునయ్యానన్నా ఒకటే. రెండోదానికి కార్డు ఉంటుంది" అని ఇంటాయన వేళాకోళం చేశాడు.

ఆర్నెల్లు ఫోన్లయితే వచ్చాయి. సందేహం అడిగి, చెప్పింది రాసుకుని, "చాలా థాంక్సండీ" అని పెట్టేసేవాళ్ళే అందరూ. పోయిన వారం మొదటి అసలు పని దొరికింది. ఊరి చివర చిన్న డైహౌస్. ఆస్పత్రి నర్సుల యూనిఫారాలకు ఆకుపచ్చ గుడ్డ అద్దుతారు. ఆ గుడ్డ తిరిగొచ్చేసింది. పాత నర్సు, కొత్త నర్సు పక్కపక్కన నిలబడితే రెండు ఆస్పత్రుల వాళ్ళలా కనిపిస్తున్నారని ఆస్పత్రి తరఫున గుడ్డ కొనే పెద్దమనిషి చెప్పాడట. కారణం కనిపెట్టి మూడు రోజుల్లో రాసివ్వాలి. రెండు రోజులు షేడక్క నీళ్ళు చూసింది, ఆవిరి చూసింది, రంగు పొడుల డబ్బాలు చూసింది. ఏమీ దొరకలేదు. రెండో రోజు సాయంత్రం గేటు దగ్గర, సెలవు ముగించుకుని వస్తున్న ఆ డైహౌస్ రంగు మాస్టరు ఎదురుపడ్డాడు. అతను ఎడంచెయ్యి, ఎడమచేతి వాటం వల్ల పడిన పేరు. మిల్లులో ఆమె పక్కన నిలబడి ఎనిమిదేళ్ళు పని నేర్చుకున్న ఎడంచెయ్యి.

ఇవాళ మూడో రోజు.

ఆమె వెళ్ళేసరికి ఎడంచెయ్యి గది ఊడ్పించి ఉంచాడు. చిన్న గది. ఉత్తరం వైపు ఒకటే కిటికీ. గోడలకు, బల్లకు బూడిదరంగు వేసి ఉంది. కంటికి వేరే రంగు తగలకూడదని మిల్లులో ఆమె వేయించినట్టే ఇక్కడా వేయించాడు. నలభై దాటిన మనిషి. ఎడమచేతి గోళ్ళలో ఎప్పటి ఆకుపచ్చో దిగబడిపోయి ఉంది.

"టీ తెప్పించనా అక్కా?"

"గుడ్డ చూశాక తాగుదాం."

"ఏం మారలేదు మీరు" అన్నాడు నవ్వి.

తొట్టెలో ఒక్క దఫా అద్దిన గుడ్డ ఒక లాటు. లాటుకో ముక్క చొప్పున దాచిన పుస్తకం అడిగింది. అడిగీ అడగక ముందే తెచ్చి పెట్టాడు. లావుపాటి బౌండు పుస్తకం. పేజీకో ముక్క, కింద తేదీ, లాటు నెంబరు. అంచులు పోగులు లేవకుండా పళ్ళ కత్తెరతో కత్తిరించి ఉన్నాయి. రెండేళ్ళలో నలభై ఒక్క లాట్లు. ఒక్క పేజీ తప్పలేదు.

"ఇన్నీ దాచావా?"

"ముక్క దాచకుండా లాటు వదలొద్దనేవారు కదా మీరు."

అతని గొంతులో గర్వం వినిపించి ఆమెకు సంతోషమేసింది. ఇంత శుభ్రంగా పనిచేసే మనిషి దగ్గర తప్పు జరిగి ఉండదనిపించింది. తప్పు ఇంకెక్కడో ఉంటుంది. రంగు పొడులు అమ్మేవాడి దగ్గర ఉండొచ్చు.

తెల్ల కాగితం పక్కన ఉంటే కన్ను మోసపోతుందని ముక్కలన్నీ పుస్తకం నుంచి విప్పించింది. పది దాటి కిటికీ వెలుతురు నిలకడగా వచ్చేదాకా ఇద్దరూ ఊరకే కూర్చున్నారు. గోడ అవతల తొట్టెలు తిరుగుతున్న చప్పుడు, ఆవిరి గొట్టం ఉండుండి ఊపిరి వదులుతున్న చప్పుడు. తర్వాత ఆమె ముక్కల్ని బల్ల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టింది. ఒకటోదాని పక్కన రెండోది. రెండోదాని పక్కన మూడోది. ప్రతి జతనూ చూసి, చూపు బూడిదరంగు గోడ మీదికి తిప్పి, కాసేపు ఆగి, మళ్ళీ చూసింది. ఏ జతలోనూ తేడా లేదు. నలభై ఒకటో ముక్క పెట్టేసరికి గంటన్నర పట్టింది.

"చూశారుగా" అన్నాడు ఎడంచెయ్యి. ఊపిరి పీల్చుకున్నట్టే ఉన్నాడు. "ఏ లాటూ పక్క లాటుకి తేడా లేదు. యజమానికి ఇదే చెప్తే వినడు. అద్దాలు మార్చుకోమంటాడు నన్ను."

ఆమె చివరి ముక్కను తీసి, బల్ల ఈ కొసకు నడిచి వచ్చి, మొదటి ముక్క పక్కన పెట్టింది.

మొదటిది నీళ్ళ అడుగున ఉన్న నాచులా ఉంది. చివరిది అప్పుడే విచ్చిన లేతాకులా ఉంది. చిన్నపిల్లలకు చూపించినా రెండు రంగులని చెప్తారు.

ఎడంచెయ్యి వంగి చూశాడు. ముక్కల్ని అటూ ఇటూ మార్చి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. తర్వాత వాటిని బల్ల మీద పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి చేతులకేమీ లేదు.

"ఒప్పుకున్న అసలు ముక్క ఏది?" అని అడిగింది. గుడ్డ కొనే పెద్దమనిషి మొదట్లో సంతకం పెట్టి ఇచ్చిన ముక్క అది. ప్రతి లాటునూ దానితోనే పోల్చాలి.

"ఆఫీసు బీరువాలో ఉంటుంది. సంతకం ఉన్న ముక్క కదా, మాసిపోతుందని యజమాని తాళం వేసి పెట్టాడు."

"ఆఖరిసారి ఎప్పుడు బయటికి తీశారు?"

అతను ఆలోచించాడు. "మొదటి లాటుకి."

"మరి రెండో లాటు దేనితో పోల్చావు?"

"మొదటి లాటుతో."

"మూడోది?"

"రెండోదానితో అక్కా. పోయిన లాటు పాసైంది కదా. పాసైన గుడ్డే కదా లెక్క."

చెప్పాక తన మాట తనకే వినిపించింది కాబోలు, ఆగిపోయాడు. ప్రతిసారీ కంటికి ఆననంత తేడా. వెంట్రుకవాసి. నలభై వెంట్రుకవాసులు కలిసి ఇక్కడికొచ్చాయి. అన్నీ ఒకే వైపు జరిగాయి, పసుపు వైపు. ఆ వైపే ఎందుకు జరిగాయో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. అయినా అడగాలి కాబట్టి అడిగింది.

"తేడా వస్తే పసుపు వైపే రానిచ్చావు. ఎందుకని?"

"నీలం వైపు పోతే గుడ్డ చచ్చినట్టుంటుంది, పసుపు వైపుంటే ఎవరూ వెనక్కి పంపరు, అనేవారు కదా మీరు."

"మరి పోయిన లాటుతో పోల్చమని ఎవరు చెప్పారు?"

ఎడంచెయ్యి ఆమె వైపు చూశాడు. అతని ముఖంలో ఉన్నది కోపం కాదు, వట్టి ఆశ్చర్యం.

"మీరే అక్కా."

"నేనా?"

"నేను చేరిన రెండో ఏడు. ముసుర్లు పట్టి గదిలో వెలుతురే లేదు. అసలు ముక్క మీద ఎవరో నూనె ఒలకబోశారు. ఏం చేద్దామని అడిగితే, పోయిన లాటు చూసి కానియ్, మన కళ్ళ ముందు పోయిందేగా అన్నారు. నాకు బాగా గుర్తు. మీరు అప్పుడు జ్వరం మీదున్నారు."

"కొత్త ముక్క వచ్చేదాకా, కొన్నాళ్ళకే కదా అన్నాను."

"కొన్నాళ్ళకని అనలేదు."

ఆమె గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ముసురు గుర్తుంది. నూనె మరక గుర్తుంది. జ్వరం గుర్తుంది. ఆ తర్వాత కొత్త అసలు ముక్క ఎప్పుడు తెప్పించిందో మాత్రం గుర్తు రావడం లేదు. తెప్పించే ఉంటుంది. తెప్పించకుండా ఎలా ఉంటుంది? కొనేవాళ్ళకు తనే ఉత్తరం రాయించి ఉంటుంది. ఆ ఉత్తరం ఎవరు రాశారో, ఆ కొత్త ముక్క ఏ కవరులో వచ్చిందో, వెలుతురు గదిలో ఏ అరలో పెట్టిందో తెలిస్తే చాలు. ఏ అరా గుర్తు రాలేదు.

గుర్తొచ్చింది వేరే. మిల్లులో చివరి రోజు మేనేజరు ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. కొత్త యంత్రం లెక్క అది. "మన రంగులు కొన్ని పసుపు వైపు జరిగాయంటోంది" అన్నాడు. "దానికి కామెర్లు వచ్చినట్టున్నాయి, డాక్టరుకి చూపించండి" అని ఆమె నవ్వింది. పొమ్మనలేక పెట్టిన పొగ అనుకుంది. ఆ మాట ఏడు నెలలుగా చుట్టాలకు, పక్కింటివాళ్ళకు చెప్పి నవ్విస్తూనే ఉంది.

ఇప్పుడు ఎవరికీ చెప్పలేదు. ముక్కల్ని ఒక్కొక్కటే తీసి పుస్తకంలో ఏ పేజీవి ఆ పేజీలో పెట్టింది. ఇందాక అడిగిన టీ వచ్చింది. ఇద్దరూ తాగారు. చల్లారిందో లేదో తెలియకుండానే తాగారు.

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది.

"రిపోర్టు అయిందామ్మా? మూడు హెడ్డింగులు పెట్టు. సమస్య, కారణం, సలహా. పేజీ దాటనివ్వకు. పొడుగైతే చదవరు."

"కారణం దొరికింది."

"చూశావా, నేను చెప్పలా. రెండు రోజులు అనవసరంగా భయపడ్డావు. ఏమిటట?"

"వచ్చాక చెప్తాను."

"కింద కార్డు మీదున్న లైను కూడా రాయమ్మా. ఇరవై ఆరేళ్ళ అనుభవం అని. మనం అమ్ముతున్నది అదే కదా."

షేడక్క సరే అని ఫోను పెట్టేసింది. మనం అమ్ముతున్నది అదే అన్న మాట చాలాసేపు వదల్లేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క లాటు తప్పు పోలేదని ఆమె అందరికీ చెప్పుకుంది. ఒక్కో లాటూ తప్పు పోలేదు, నిజమే. ఎడంచెయ్యి పుస్తకంలోనూ ఒక్కో లాటూ తప్పు పోలేదు.

నాలుగింటికి యజమాని పిలిచాడు. అరవై ఏళ్ళ మనిషి. ఆఫీసు గదిలో ఎక్కడ చూసినా తిరిగొచ్చిన గుడ్డ తాన్లు. కుర్చీ మీద తానుంటే దించి ఆమెను కూర్చోమన్నాడు.

"దొరికిందామ్మా?"

"దొరికింది. బీరువాలో ముక్క ఇవ్వండి."

కవరు చించి అసలు ముక్క తీసి ఇచ్చాడు. ఆమె దాని పక్కన మొదటి లాటు, చివరి లాటు పెట్టింది. చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పింది. యజమాని తెలివైనవాడు, రెండోసారి చెప్పించుకోలేదు.

"అంటే నీళ్ళు బాగానే ఉన్నాయి, పొడులు బాగానే ఉన్నాయి. ఊరికే రెండుసార్లు పొడులవాణ్ణి మార్చాను."

"అవును. అసలు ముక్కను నాలుగు చేసి, ఒకటి రంగు గదిలో చీకటి కవరులో ఉంచండి. ప్రతి లాటూ దానితోనే చూడాలి. ఏడాదికోసారి కొనేవాళ్ళ దగ్గర కొత్త ముక్క తీసుకోండి. వచ్చే లాటుకే సర్దుకుంటుంది."

"బాగుంది. రాసేయండి. ఎవరివల్ల జరిగిందో కూడా రాయండి."

"పద్ధతి వల్ల జరిగింది."

"పద్ధతికి కాళ్ళూ చేతులూ ఉంటాయా అమ్మా? రేపు పదింటికి ఆస్పత్రి పెద్దమనిషి వస్తున్నాడు. తప్పు ఇక్కడ జరిగింది, చేసినవాణ్ణి తీసేశాను, ఇదిగో కాగితం అంటేనే ఆయన కూర్చుంటాడు. పద్ధతి అంటే లేచిపోతాడు."

"మంచి పనివాడండీ. ఒక్క ముక్క పారేయకుండా దాచాడు. ఆ పుస్తకం లేకపోతే నేను ముప్పై రోజులు వెతికినా దొరికేది కాదు."

"మంచివాడు కాబట్టే ఇన్నేళ్ళు ఉంచుకున్నాను. మీ దగ్గర నేర్చుకున్నవాడని ఇంకేమీ అడక్కుండా తీసుకున్నాను. తెలుసా మీకు?"

ఆమెకు తెలియదు.

యజమాని గొంతు తగ్గించాడు. తిట్టడం లేదు, నచ్చజెబుతున్నాడు. "మీకిది కొత్త. ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మిల్లులో ఉన్నప్పుడు మీరు ఏం రాసినా కింద మిల్లు ముద్ర ఉండేది. ఇప్పుడు మీ సంతకమే. ఆ పెద్దమనిషి మీ పాత మిల్లు గుడ్డ కూడా పదేళ్ళు కొన్నవాడు. నాలాంటి డైహౌసులు ఆయనకి పాతిక తెలుసు. రేపు మీ కాగితం ఆయనకి నచ్చితే మీరు ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. పేరు రాయండి. రెండు లైన్లు."

కాగితం, పెన్ను ముందుకు జరిపి బయటికి వెళ్ళాడు.

షేడక్క రాయడం మొదలుపెట్టింది. సమస్య అని రాసి కింద గీత గీసింది. మూడు వాక్యాల్లో అయిపోయింది. కారణం అని రాసింది. కిటికీలోంచి డైహౌస్ వసారా కనిపిస్తోంది. ఎడంచెయ్యి అక్కడ కాలువ పక్కన నిలబడి, తొట్టె నుంచి పారుతున్న ఆకుపచ్చ నీళ్ళు చూస్తున్నాడు. ఆఫీసు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

అతని పేరు రాస్తే అబద్ధం కాదు. పోల్చింది అతనే. రెండేళ్ళలో ఒక్కసారి తాళం అడగనిది అతనే. ఆ రెండు లైన్లు ఆమె మనసులో చక్కగా కుదిరాయి, వ్యాకరణం కూడా తప్పకుండా. రాస్తే ఇంటికెళ్ళి కూతురికి చూపించొచ్చు. రెండో పని వస్తుంది, మూడోది వస్తుంది. ఏ డైహౌసుకి వెళ్ళినా ఆమె మొదట చూడాల్సింది ఇదే తప్పు. ఇంత బాగా ఎవరికి తెలుసు ఈ తప్పు?

పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసింది. తర్వాత రాసింది. "అసలు ముక్కకు బదులు పోయిన లాటుతో పోల్చే పద్ధతి వల్ల రంగు జరిగింది. ఈ పద్ధతిని ఇక్కడి మాస్టరుకు పాత మిల్లులో నేర్పినది నేను." సలహా రాసి, సంతకం పెట్టింది. కూతురు రాయమన్న లైను రాయలేదు.

యజమాని వచ్చి నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదేమిటమ్మా, వైద్యం చెయ్యమని పిలిస్తే రోగం నాదే అంటున్నారు."

"ఉన్నది రాశాను."

"ఇది నేను ఇవ్వలేను ఆయనకి. ఇస్తే, తప్పు నేర్పినావిణ్ణే డబ్బిచ్చి పిలిపించుకున్నాడు, వీడి బుర్ర ఎక్కడుంది అంటాడు." కాగితం మడిచాడు. చించలేదు. "రేపు పదింటికి మీరే రండి. ఈ మాట మీ నోటితో ఆయన ముందు చెప్పండి. వింటాడో, ఇద్దర్నీ లేవగొడతాడో చూద్దాం. రాత్రికి మనసు మారితే వేరే కాగితం రాసి తీసుకురండి. నేను ఇది చూడలేదనుకుంటాను."

ఆమె బయటికి వచ్చేసరికి షిఫ్టు దిగుతోంది. ఎడంచెయ్యి గేటు దాకా వెంట నడిచాడు.

"రాశారా?"

"రాశాను."

"పర్లేదక్కా. రాయకపోతే మీకు పని ఉండదు, తెలుసు నాకు. పొద్దున్నుంచీ మనసు రాయి చేసుకునే ఉన్నాను."

"నీ పేరు రాయలేదురా. నేను నేర్పానని రాశాను."

అతను ఆగిపోయాడు. అతని ముఖం తేలికపడుతుందేమోనని ఆమె చూసింది. తేలికపడలేదు.

"ఎందుకు రాశారు?"

"నిజం కాబట్టి."

"నా పేరు రాస్తే ఇక్కణ్ణుంచి పోయేవాణ్ణి. ఇంకో డైహౌసుకి వెళ్ళి, షేడక్క దగ్గర ఎనిమిదేళ్ళు చేశానని చెప్పేవాణ్ణి. ఎక్కడికెళ్ళినా నేను చూపించుకునేది అదొక్కటే. నాకు సర్టిఫికెట్టుందా, చదువుందా?" గొంతు పెంచలేదు. "ఇప్పుడు దాన్నీ చెడగొట్టారు. మీ దగ్గర నేర్చుకున్నానని నేను ఎవరికి చెప్పను? ఒక్క నేనేనా? మీ కింద పదిమంది నేర్చుకుని తలో చోట బతుకుతున్నారు. వాళ్ళని అడిగారా ఆ కాగితం రాసే ముందు?"

ఆ పదిమంది ఆమెకు గుర్తే రాలేదు. ఇప్పుడు వరసగా వచ్చారు. పొట్టివాడు, పాటలోడు, కళ్ళజోడు పిల్ల. తలో డైహౌసులో, తలో కిటికీ దగ్గర నిలబడి, చేతిలో పోయిన లాటు పట్టుకుని.

"రేపు ఆయన ముందు చెప్పమన్నాడు. వస్తాను" అంది.

"రండి. నన్నూ పిలుస్తాడు, అడుగుతాడు." ఎడంచెయ్యి గేటు తలుపు ఆమె కోసం తెరిచి పట్టుకున్నాడు, మిల్లులో ఎప్పుడూ పట్టుకున్నట్టే. "ఇప్పుడే చెప్తున్నాను, రేపు అక్కడ విని బాధపడకండి. షేడక్క నాకు అసలు ముక్కతోనే చూడమని నేర్పింది, నేనే బద్ధకించాను, నన్ను కాపాడాలని ఆవిడ అబద్ధం రాసింది. అదే చెప్తాను. ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను."

"అది నిజం కాదు కదరా."

"కాదని మీకు గుర్తుందా అక్కా?"

ఆమెకు గుర్తున్నవి అవే. ముసురు, నూనె మరక, జ్వరం. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎడంచెయ్యి తలుపు మూసి లోపలికి వెళ్ళిపోయాడు.